తప్పు రంగు శకటు

కుతాయిసిలో ఆ చలికాలం కరెంటు
వారానికి రెండు సార్లు వచ్చేది,
దారి తప్పిన చుట్టంలా, నిలబడే పలకరించి వెళ్లిపోయేది.
చెస్ భవనంలోకి టిక్కెట్టు ఒక కట్టెముక్క.
నేను మా పియానో ముందరి పీట కాలు పట్టుకెళ్లాను.
పియానో అప్పటికే రెండు బస్తాల మొక్కజొన్నపిండి అయిపోయింది.

నాకు పన్నెండేళ్లు. నా పని గోడమీది పెద్ద బల్ల.
కొసన కొక్కెం ఉన్న కర్రతో
కింద వాళ్లు కదిపిందల్లా పైన కదపాలి.
కిరసనాయిలు దీపం వెలుతురులో
ఏది నల్లగడో ఏది తెల్లగడో తెలిసేది కాదు,
అంతా ఒకటే తేనెరంగు.

తెల్లపావులు మ్జేవినార్‌వి. రైల్వే బడిలో లెక్కల టీచరు,
భుజాలు జారిపోయే మగవాళ్ల కోటు,
వేళ్లు కత్తిరించిన చేతితొడుగులు.
సిరా గడ్డకట్టిందని పెన్సిలుతో ఎత్తులు రాసుకుంటోంది.
ఎదురుగా లామారా, పళ్ల డాక్టరు.
ఊళ్లో సగం నోళ్ల లోగుట్టు ఆమెకి తెలుసు.
పదహారేళ్లుగా వీళ్లిద్దరిలో ఒకరు మొదట, ఒకరు రెండు.
బయట కలిస్తే తలలు ఊపుకునేవాళ్లు, అంతే.

ఇరవై ఎత్తుల దాకా ఎవరూ ఎవరి గుమ్మం తొక్కలేదు.
ముప్ఫయ్యో ఎత్తుకి మంత్రులు పోయారు,
విందులో పెద్దవాళ్లు ముందుగా లేచినట్టు, చప్పుడు లేకుండా.
తర్వాత ఏనుగులు.
నలభై రెండులో మ్జేవినార్‌కి ఒక బంటు ఎక్కువ.
యాభై ఐదులో రెండు, పక్కపక్కనే,
చేతులు పట్టుకుని బడికి పోతున్న పిల్లల్లా.
హాలు లెక్క తేల్చేసి శాలువాలు సర్దుకుంది.
పొయ్యిలో మా పీట కాలు వార్నీషు వాసనతో కాలుతోంది.

అప్పుడు లామారా తన ఆఖరి గుర్రం వైపు చూసింది,
ఇక పీకక తప్పని పన్ను వైపు చూసినట్టు, చాలాసేపు.
తీసి, ఆ రెంటిలో లోపలి బంటును చంపి
చచ్చే చోటే నిలబెట్టింది.

నేను కర్రెత్తి ఆగిపోయాను. తప్పు విన్నానేమో.
రిఫరీ ఎంజర్ మళ్లీ చదివాడు. అదే ఎత్తు.
ఎవరో అయ్యో అన్నారు.
పొయ్యి దగ్గర టోపీ మొహం మీదికి లాక్కున్న ముసలాయన మాత్రం
లోపల్లోపలే నవ్వాడు, భుజాలు కదిలాయి.

మిగిలింది ఇంతే: తెల్లరాజు, శకటు,
అంచు వరసలో ఒంటి బంటు.
ఎదురుగా ఏమీ లేని నల్లరాజు.
వాడు నడిచి నడిచి మూలకి చేరాడు.

మూల గడి నల్లది.
ఈ శకటు పుట్టుకతో తెల్లగడులవాడు.
బల్లంతా తిరిగొస్తాడు, వంద దారులు మూస్తాడు,
ఆ ఒక్క గడపా తొక్కలేడు.
ఇంకా తరిమితే నల్లరాజుకి కదలడానికి చోటుండదు,
చావడానికి షా కూడా ఉండదు.
ఆ తేనెరంగు వెలుతురులో గడుల రంగు మాకెవరికీ కనపడలేదు.
వాళ్లిద్దరికి కనపడింది.

అయినా మ్జేవినార్ ఆపలేదు. పదకొండు ఎత్తులు ఆడింది,
తాళం పడిందని తెలిసీ తలుపు నెట్టి చూసే మనిషిలా.
చివరికి చెయ్యి చాచింది.
లామారా చేతితొడుగు తీసి పట్టుకుంది.

జనం వెళ్లిపోయారు. వాళ్లు వెళ్లలేదు.
"యాభై ఏడులో శకటు ఇటు పెట్టుంటే?"
"అప్పుడు గుర్రం ఇక్కడ్నించి."
పావులు పరిచారు, చెరిపారు, మళ్లీ పరిచారు.
పదహారేళ్ల మాటలన్నీ ఆ రాత్రే ఆడుకున్నట్టు.
దీపంలో నూనె తరిగింది. ఎంజర్ గడియారం వంక దగ్గాడు.
నేను గోడమీద వాళ్ల వెనకాలే కదుపుతూ ఉండిపోయాను,
ఎవరూ అడక్కపోయినా.

ఇంటికొచ్చేసరికి అమ్మ చీకట్లో కూచునుంది.
"ఎవరు గెలిచారు?"
"ఎవరూ గెలవలేదు."
"ఆరు గంటలు కూచుని?"
"ఆరున్నర."
అమ్మ కాసేపు మాట్లాడలేదు.
"పీట కాలు బాగా కాలిందా?" అంది.
బాగా కాలిందన్నాను.